సందేహమున్న చోట సవారీ వద్దు

మన ముస్లిమ్ కుటుంబాలలో తాతల నాటి సైకిళ్లు నేటికీ అక్కడక్కడా గోడకు ఆనుకుని కనిపిస్తాయి. 1949లో మద్రాసులో ఆరంభమైన టీఐ సైకిల్స్ వారి హెర్క్యులిస్, 1951లో సోనీపత్‌లో పుట్టిన అట్లాస్, 1956 నుంచి లూథియానాలో తయారైన హీరో వంటివి గట్టి ఉక్కుతో చేసిన వాహనాలు. వాటిని బాగుచేయించి పిల్లల చేతికి ఇవ్వాలన్న ఆలోచన మెచ్చదగినదే. పనికివచ్చే వస్తువును పారవేయడం దుబారా, దుబారాను ఇస్లాం నిరసిస్తుంది. అయితే ప్రాణం కూడా అల్లాహ్ మనకు అప్పగించిన అమానతే. పది రూపాయల పొదుపు కోసం ఆ అమానత్‌ను పణంగా పెట్టడానికి మనకు హక్కు లేదు.

కనుక పాత సైకిలులోని ప్రతి భాగాన్నీ ఒక ప్రశ్నతో పరీక్షించాలి: ఇది చెడిపోయే ముందు మనకు తెలియజేస్తుందా, లేక ఏమీ తెలియనివ్వకుండా విరిగిపోతుందా?

కొన్ని భాగాలు ముందుగానే మొరపెట్టుకుంటాయి. హబ్బులోని బేరింగులు అరిగితే చక్రాన్ని చేతితో తిప్పినప్పుడు గరగరమంటాయి. కాటర్ పిన్ను వదులైతే పెడల్ తొక్కేటప్పుడు టక్కుమని శబ్దం వస్తుంది. ఇవి చవకగా మార్చుకోదగినవి. చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం దూరం ఉంటుంది. కనుక 24 ఎడముల పొడవు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అది అంగుళంలో 16వ వంతు పెరిగితే చైను మార్చాలి. ఎనిమిదవ వంతు పెరిగితే పళ్ల చక్రాలు కూడా అరిగి ఉంటాయని గ్రహించాలి.

మరికొన్ని భాగాలు మౌనంగా మోసగిస్తాయి. ముందు ఫోర్కు, హ్యాండిలు, దానిని పట్టి ఉంచే కాడ, ఫ్రేము అతుకులు ఈ కోవకు చెందినవి. వీటిలో ఏది విరిగినా మనిషి ముఖం నేలకు తగులుతుంది. తుప్పు కనబడగానే భయపడనవసరం లేదు. కిరోసిన్ గుడ్డతో తుడిచినప్పుడు గోధుమరంగు పొడి రాలి, కింద నున్నని లోహం కనబడితే అది పైపై తుప్పే. పొరలు పొరలుగా ఊడివచ్చినా, గుంటలు పడినా లోహం పలచబడిందని అర్థం. హ్యాండిలుకు దిగువన ఫ్రేము గొట్టం మీది రంగు ముడతలు పడి ఉంటే, ఆ సైకిలు ఎప్పుడో దేనినో బలంగా ఢీకొన్నదని అనుమానించాలి.

కంటికి ఆనని పగులును కనిపెట్టడానికి ఒక పాత పద్ధతి ఉంది. అనుమానమున్న చోట శుభ్రం చేసి, కిరోసిన్ రాసి కొంతసేపు ఉంచాలి. తరువాత పూర్తిగా తుడిచి, సుద్దపొడి చల్లాలి. పగులు ఉంటే లోపలికి ఇంకిన కిరోసిన్ పైకి వచ్చి, తెల్లని పొడి మీద సన్నని చారలా కనబడుతుంది. ఒకప్పుడు రైల్వే వర్క్‌షాపులలోనూ ఈ తరహా పరీక్ష చేసేవారు. చార కనబడితే ఆ భాగానికి సెలవు చెప్పవలసిందే. పగిలిన ఫోర్కుకు వెల్డింగు పెట్టించి పిల్లవాడికి ఇవ్వరాదు. అతుకు నిలిచినట్లు కనబడినా, ఆ వేడికి పక్కనున్న లోహం బలహీనపడుతుంది. పాత రేసు సైకిళ్ల అల్యూమినియం భాగాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వంగిన అల్యూమినియంను సాపు చేసి వాడరాదు.

బ్రేకుల రబ్బర్లు రాయిలా గట్టిపడితే, అరగకపోయినా మార్చాలి. ఉక్కు రిమ్ములు వానలో తడిస్తే బ్రేకు పట్టు బాగా తగ్గుతుందని పిల్లలకు ముందే చెప్పాలి. టైరు పక్కభాగం పగిలి దారాలు కనబడితే ఇక వాడకూడదు.

ఇంత చూసినా నిర్ణయం తేలకపోతే? సందేహం కలిగించే దానిని విడిచి, సందేహం లేని దానిని చేపట్టమన్న ప్రవక్త (స) ఉపదేశాన్ని హజ్రత్ హసన్ బిన్ అలీ (రజి) మనకు అందించారు. మౌనంగా విరిగే భాగాల విషయంలో ఈ ఉపదేశమే మనకు గీటురాయి కావాలి. నమ్మకం కుదరని ఫోర్కును తీసివేయడం దుబారా కాదు. అది ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్ మీద భారం వేయడం వంటిది.

సైకిలును అమ్మేటప్పుడు ఈ బాధ్యత రెట్టింపవుతుంది. ప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలోకి చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. ఆ తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు, మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. పగులు మీద కొత్త రంగు పూసి అమ్మడం పొడి ధాన్యం కింద తడి ధాన్యం దాచడమే. కొనేవాడు అడగకపోయినా లోపం చెప్పి తీరాలి.

దానమిచ్చే వారు కూడా ఆలోచించాలి. మన బిడ్డను ఎక్కించడానికి జంకే సైకిలును పేద విద్యార్థికి ఇచ్చి పుణ్యం ఆశించడం తగునా? మనం అయిష్టంగా తప్ప స్వీకరించని నాసిరకం వస్తువును దానమివ్వవద్దని అల్ బఖర సూరా మనలను హెచ్చరిస్తోంది. ముందుగా ఆ అనుమానపు భాగాన్ని మార్పించండి. ఆ ఖర్చు కూడా మీ దానంలో భాగమే అవుతుంది, ఇన్షా అల్లాహ్.