ఇంజనీరింగ్ సీటు వెనుక ఎవరి చదువు?

ఇంటర్ ఫలితాలు రాగానే మన ఇళ్లలో తేల్చుకోవలసింది ఒక్కటే: ఇంజనీరింగా, ఫార్మసీయా? చరిత్రో, సమాజశాస్త్రమో, ఉర్దూ సాహిత్యమో చదువుతానన్న పిల్లను ‘ఏం తిని బతుకుతావు బేటీ?’ అని అడుగుతున్నాం. చాలీచాలని సంపాదనతో చదివించే తల్లిదండ్రుల భయమది; దాన్ని తేలిక చేయలేం. అయితే ఆ ఇంజనీరింగ్ సీటు మన గుమ్మందాకా ఎలా వచ్చిందో కూడా చూడాలి.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ప్రకటిస్తే హైకోర్టు కొట్టివేసింది. 2005లో మళ్లీ తెస్తే మళ్లీ కొట్టివేసింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదికతో దారి మారింది. ముస్లింలంతా ఒకే ముద్ద అనే లెక్క వదిలి, ఎవరు ఏ పని చేసి బతుకుతున్నారు, సాటి ముస్లింలే ఎవరిని చిన్నచూపు చూస్తున్నారు అని విచారించారు. అత్తరు సాయిబులు, తురక కాశ, హజామ్, ఫకీరు వంటి పేర్లు బి.సి.-ఇ జాబితాకెక్కాయి, 4 శాతం దక్కింది. (మనలో కులాలు లేవని వేదికల మీద చెప్పే పెద్దలూ పిల్లల కోసం ఆ ధ్రువపత్రానికి వరుసలో నిలబడ్డారు!) వెనుకబాటును ఇలా పేరుపేరునా నిరూపించేది సమాజశాస్త్రమే.

2010లో హైకోర్టు ఆ చట్టాన్నీ కొట్టివేసింది. మతం ప్రాతిపదిక అన్న అభ్యంతరంతో పాటు, బి.సి. కమిషన్ సర్వే శాస్త్రీయంగా లేదని తప్పుపట్టింది. అదే ఏడాది సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్లనే మన పిల్లలకు సీట్లు అందుతూ వచ్చాయి. తుది విచారణలో మన బతుకుల లెక్క అడిగితే ఎవరు చెబుతారు? దఫ్తరుల్లో జీవితం గడిపిన వాళ్లం. కాగితం లేని నిజాన్ని అక్కడ ఎవరూ పట్టించుకోరని మాకు తెలుసు.

వక్ఫ్ భూముల సంగతీ అంతే. నిజాం కాలపు ముంతఖబ్‌లు ఉర్దూలో, అంతకు ముందరి సనదులు ఫారసీలో ఉన్నాయి. వాటిని చదివి, కాలాన్ని గుర్తించి, వకీలుకు విప్పి చెప్పగలిగిన మనిషి కోసం ముతవల్లీలు ఊళ్లు తిరగవలసి వస్తున్నది. ఆ చదువు చదివిన తరం వెళ్లిపోతున్నది. వారి చోట కూర్చునే పిల్లల్ని మనం తయారు చేయడం లేదు.

మన జిల్లాల్లో మస్జిద్ కమిటీలు, విద్యా ట్రస్టులు ఏటా స్కాలర్‌షిప్‌లు ఇస్తున్నాయి. దరఖాస్తు ఫారంలోనే ‘వృత్తి విద్యా కోర్సులకు మాత్రమే’ అని అచ్చువేసే ట్రస్టులూ ఉన్నాయి. వచ్చే విద్యా సంవత్సరానికి ఆ షరతు కొట్టివేయాలని, ప్రతి పది స్కాలర్‌షిప్‌లలో కనీసం రెండు చరిత్ర, సమాజశాస్త్రం, ఉర్దూ, ఫారసీ చదివేవారికి కేటాయించాలని కోరుతున్నాం. పాఠకులు తమ ఊరి కమిటీ సమావేశంలో ఈ మాట ఎత్తాలి.