సందూకులో పడున్న లెన్సును పిల్లల చేతికివ్వండి

నికాహ్ ఫొటోలు తీసిన పాత రీల్ కెమెరా మన ఇళ్లల్లో చాలాచోట్ల సందూకులోనే పడి ఉంది. దాన్ని కబాడీకి వేయకండి భాయ్. చీమ కళ్లనీ, జామపువ్వు పుప్పొడినీ చూపించగల సామాన్ అది.

కొత్త మాక్రో లెన్సు కొనాలంటే వేలల్లో మాట. పిల్లల షౌక్‌కి అంత ఫుజూల్ ఖర్చా అని అడ్డుపడతాం. సస్తా రాస్తా ఒకటుంది. పాత 50 ఎంఎం లెన్సును తిరగేసి డిజిటల్ కెమెరాకు బిగిస్తే, దగ్గరి వస్తువు సెన్సర్ మీద దాదాపు అసలు సైజులో పడుతుంది. ఒక్క రివర్స్ రింగ్ కొంటే చాలు.

పాతదే ఎందుకంటే, దాని అపర్చర్ రింగును చేత్తో తిప్పుకోవచ్చు. కొత్తవాటిలో చాలావాటికి ఆ రింగే లేదు. తిరగేస్తే కెమెరా మాట వాటికి అందదు.

ముష్కిల్ లేదనను. ఆటో ఫోకస్ ఉండదు. ఎఫ్/8లో పెట్టినా స్పష్టంగా కనిపించే మందం ఒక మిల్లీమీటరుకు అటూఇటూ. ఊపిరి బిగబట్టి కెమెరానే ముందుకీ వెనక్కీ జరపాలి. పది తీస్తే ఒకటి కుదురుతుంది. నేనైతే దీన్నే ఫాయిదా అంటాను. రోజంతా ఫోన్ మీద వేలు జరిపే పిల్లలకు సబర్ నేర్పే ఉస్తాద్ ఇంతకంటే సస్తాగా దొరకడు.

డిజిటల్ కెమెరా లేదా? ఆ లెన్సునే ఫోన్ కెమెరా ముందు పట్టుకోమనండి. సూర్యుడి వైపు మాత్రం ఎత్తనివ్వకండి. హునర్‌కి దౌలత్ అక్కర్లేదు, మన ఇజాజత్ చాలు.