జీతం అనే చెడ్డ మాట

స్వచ్ఛంద సంస్థలు ఫౌండేషన్లకు పెట్టుకునే గ్రాంటు దరఖాస్తుని సాహిత్య ప్రక్రియగా ఎవరూ చూడరు. చూడాలంటాను. దానికి ఒక కథకుడున్నాడు, పాత్రలున్నాయి, ముందే రాసిపెట్టిన ముగింపు ఉంది. మన పల్లెల గురించి ఇప్పుడు రాస్తున్న వచనంలో కథల కంటే, నవలల కంటే ఎక్కువ డబ్బుని కదిలించేది ఈ వచనమే. అయినా దీనికి విమర్శకుడంటూ ఎవరూ లేరు. ఒక ప్రోగ్రామ్ మేనేజర్ చదువుతాడు, తర్వాత అది ఎక్సెల్ షీటులో ఒక వరస అయిపోతుంది.

మాది భూపాలపల్లి జిల్లా టేకుమట్ల. ఉద్యోగం హైదరాబాద్‌లో, సాఫ్ట్‌వేర్. ఊళ్ళో కొంతమందిమి కలిసి రెండు గదులు కిరాయికి తీసుకుని ఒక చిన్న లైబ్రరీ నడుపుతున్నాం. సొసైటీగా రిజిస్టర్ చేశాం. 12ఏ ఉంది, 80జీ ఉంది, దర్పణ్ నంబరుంది, సీఎస్ఆర్-1 ఫారం కూడా వేశాం. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి గ్రాంటు దరఖాస్తులు రాసే పని నా మీద పడింది. కిందటిసారి మేం అడిగింది ఏడాదికి 2,40,000 రూపాయలు. సాయంత్రాలు లైబ్రరీ తెరిచి, పిల్లల్ని కూచోబెట్టి చదివించే అమ్మాయికి నెలకు 12,000 చొప్పున 1,44,000. కిరాయి 24,000. పుస్తకాలకు 40,000. పత్రికలకు 12,000. కరెంటుకీ, మరమ్మతులకీ 20,000. ఇంతే మా సామ్రాజ్యం.

ఫౌండేషన్ నుంచి వచ్చిన సవరణ ఇది: జీతాలు మొత్తంలో 10 శాతం దాటకూడదు. అంటే ఆ అమ్మాయికి నెలకు 2,000. మిగిలిన డబ్బుతో ట్యాబ్లెట్లు కొనొచ్చు, గోడకు స్మార్ట్ టీవీ పెట్టొచ్చు, వాటి మీద వాళ్ళ లోగో ఉండాలి. ఈ సంగతి చెప్తే ఆ అమ్మాయి అడిగింది: "అన్నా, మరి ఆ ట్యాబులను పొద్దుమూకినంక ఎవలు తెరుస్తరు?"

దరఖాస్తు ఫారానికి ఈ ప్రశ్న వెయ్యడం రాదు. దానికొచ్చిన ప్రశ్నలు వేరు. మొదటిది, సమస్య ఏమిటి? ఇక్కడ ఊరు ఒక లోటుగా మాత్రమే కనబడాలి. మా ఊళ్ళో పేపరు కోసం పోట్లాడుకునే రిటైర్డు సార్లున్నారని రాస్తే మార్కులు రావు. గ్రూప్-4కి చదువుకుంటూ మధ్యలో నవల పట్టుకుని దొరికిపోయే పిల్లలున్నారని రాసినా రావు. "పుస్తకం ముఖం చూడని గ్రామీణ బాల్యం" అని రాయాలి. ఆ బాల్యాన్ని నేను మా ఊళ్ళో చూడలేదు, ఫారంలోనే చూశాను. రెండో ప్రశ్న, లబ్ధిదారులెందరు? పాఠకుడు అనే మాట ఎక్కడా లేదు. చదివేవాడు కూడా లబ్ధిదారుడే, పెన్షన్ తీసుకునేవాడూ లబ్ధిదారుడే. మూడోది, 12 నెలల చివర కొలవగలిగే మార్పు ఏమిటి?

పన్నెండు నెలలు! మా మండలంలోని గర్మిళ్ళపల్లి నుంచి అవతల ఓడేడుకి మానేరు మీద వంతెన పని 2016లో మొదలైంది. 2024 ఏప్రిల్‌లో ఒక రాత్రి గాలికి గడ్డర్లు కూలాయి. సిమెంటుకీ ఇనుముకీ ఎనిమిదేళ్ళు చాలని చోట ఒక పిల్లకి చదవడం మీద ఇష్టం పుట్టడానికి మాత్రం పన్నెండు నెలల గడువు. పైగా ఆ ఇష్టం శాతాల్లో పెరగాలి.

జీతం సంగతి అడిగితే "చట్టం ఒప్పుకోదండీ" అంటారు. మంచిది, చట్టం చదువుదాం. కంపెనీల చట్టం, 2013, 135వ సెక్షన్. 500 కోట్ల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. దేనికి పెట్టొచ్చో చెప్పే 7వ షెడ్యూల్లో ప్రజా గ్రంథాలయాల ఏర్పాటు పేరు పెట్టి మరీ ఉంది. ఇక నిబంధనల్లో 5 శాతం పరిమితి ఒకటుంది, నిజమే. కానీ అది కంపెనీ తన సొంత సీఎస్ఆర్ వ్యవహారాల నిర్వహణకు పెట్టుకునే ఖర్చు మీద పరిమితి. ప్రాజెక్టు అమలుకు నేరుగా అయ్యే ఖర్చు ఇందులోకి రాదని అదే నిర్వచనం చెప్తుంది. లైబ్రరీ తెరిచే మనిషి జీతం కంటే నేరుగా అయ్యే ఖర్చు ఇంకేముంటుంది?

ప్రభావాన్ని కొలిచే సంగతీ చూడండి. స్వతంత్ర సంస్థతో ప్రభావ అంచనా చేయించడం తప్పనిసరి అయ్యేది సీఎస్ఆర్ బాధ్యత సగటున 10 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీలకి. అది కూడా కోటి రూపాయలు, ఆపైన ఖర్చయిన ప్రాజెక్టులకే. రెండు లక్షల నలభై వేల దగ్గర చట్టం కొలబద్ద పట్టుకుని నిలబడలేదు. నిలబడింది ఫౌండేషన్. తన షరతుకి చట్టం పేరు తగిలించింది.

అమలు చేసే సొసైటీకి ఆ రంగంలో కనీసం మూడేళ్ళ అనుభవం ఉండాలన్నది మాత్రం నిజంగా నిబంధనే. అందులో తప్పు లేదు. కానీ ఆ మూడేళ్ళు ఎవరి డబ్బుతో గడవాలి? జీతం లేకుండా పని చేసిన మనిషి ఎవరో ఒకరు ఉండాలి కదా. మన ఊళ్ళలో ఆ మనిషి సాధారణంగా ఒక ఆడపిల్ల. "ఇంట్ల ఖాళీగనే ఉన్నవ్ గద బిడ్డా, జర చూసుకో" అని పెద్దవాళ్ళు అప్పజెప్పిన పిల్ల. ఆమె మూడేళ్ళ వెట్టి మా ఫైల్లో "ట్రాక్ రికార్డ్" అవుతుంది. ఆ రికార్డు చూపించి గ్రాంటు తెచ్చుకున్నాక కూడా ఆమెకు 2,000 ఇస్తామంటే, దాన్ని దాతృత్వం అనడానికి నాకు నోరు రావడం లేదు.

"అమెరికాలో ఉన్న మీ ఊరోళ్ళను అడగొచ్చుగా" అని సలహా ఇస్తారు. భారత పౌరులుగా ఉన్నవాళ్ళు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే అది విదేశీ విరాళం, ఎఫ్‌సీఆర్ఏ కావాలి. 2020 సవరణతో అందులో పరిపాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వడమూ ఆగిపోయింది. అంటే ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఉన్న పెద్ద సంస్థ ఆ డబ్బులోంచి మాలాంటి వాళ్ళకు కొంత పంచే దారి మూసుకుపోయింది. మిగిలింది దేశంలోని ఫౌండేషన్లే. వాళ్ళ షరతుల మీద ఇంత గొంతు చించుకోవడం అందుకే.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. కాగితాల మీద మాత్రమే బతికే సంస్థలు మనకు తక్కువేం లేవు. జీతాల పేరు మీద డబ్బు ఇంట్లోకి మళ్ళించినవాళ్ళు ఉన్నారు. దాత జాగ్రత్తపడకూడదా? పడాలి. బ్యాంకు స్టేట్‌మెంట్ అడగండి. హాజరు రిజిస్టర్ అడగండి. ఏ సాయంత్రమైనా చెప్పకుండా వచ్చి తలుపు తీసుందో లేదో చూడండి. కానీ జీతం మీద గీత గీస్తే దొంగ ఆగడు. వాడు ట్యాబ్లెట్ల బిల్లు పెంచి రాస్తాడు. వస్తువుల బిల్లులో దొంగతనం ఎంత తేలికో ఏ కాంట్రాక్టర్ని అడిగినా చెప్తాడు. ఆ గీత వల్ల నష్టపోయేది నిజంగా పని చేసేవాళ్ళే.

అసలు ఈ విషయం బాగా తెలియాల్సింది మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి. ఏ ప్రోగ్రామైనా రాయడానికయ్యే ఖర్చు ఒకసారిది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి దాన్ని నడిపించాలి. నాకు నెలనెలా జీతం వచ్చేది చాలావరకు ఎవరో ఎప్పుడో రాసిన కోడ్ ఆగిపోకుండా చూసుకుంటున్నందుకే. దాన్ని ఓవర్‌హెడ్ అని ఎవరూ అనరు, సపోర్టు అని గౌరవంగా బిల్లు వేస్తారు. అలాంటి బిల్లులతో లాభాలు తెచ్చుకునే రంగం దానం చేసేటప్పుడు మాత్రం పెట్టెలు కొనిచ్చి, పెట్టె తెరిచే మనిషిని మర్చిపోతుంది.

ఆండ్రూ కార్నెగీ మీద ఎన్ని విమర్శలున్నా ఈ లెక్క ఆయనకు అర్థమైంది. ప్రపంచమంతటా 2,500కి పైగా గ్రంథాలయాలకు డబ్బిచ్చాడు. భవనానికి ఇచ్చేముందు ఆ ఊరి ముందు షరతు పెట్టేవాడు: నేనిచ్చే మొత్తంలో పదో వంతు మీరు ఏటేటా నిర్వహణకు ఖర్చు పెట్టాలి. భవనం కడితే గ్రంథాలయం అయిపోదని ఉక్కు వ్యాపారికి తెలుసు. మన ఫౌండేషన్లు ఆ షరతుని తలకిందులు చేశాయి. నిర్వహణకు ఖర్చు పెట్టొద్దంటాయి, ఆ పక్క గడిలోనే "మా డబ్బు ఆగిపోయాక ఎలా నడుపుతారు?" అని అడుగుతాయి.

మన చరిత్రే తీసుకుందాం. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. 1904లో మా పాత జిల్లాలోనే, హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. ఆ చుట్టూ తిరిగిన మనుషుల్లోంచే 1906లో విజ్ఞాన చంద్రికా మండలి, 1921లో ఆంధ్ర జనసంఘం పుట్టాయి. 1902లో ఎవరైనా వచ్చి పన్నెండు నెలల్లో కొలవగలిగే మార్పు చూపించమంటే రావిచెట్టు రంగారావు ఏం చూపించేవాడు? కొన్ని పుస్తకాలు, కొన్ని పత్రికలు, వాటి ముందు కూచున్న కొందరు మనుషులు. ఇప్పటి ఫారంలో ఆయనకు "ప్రభావం సంతృప్తికరంగా లేదు" అని వచ్చేది.

కాబట్టి అడగాల్సినవి నాలుగే. కనీసం మూడేళ్ళకు ఇవ్వండి. జీతం మీద శాతాల గీత తీసెయ్యండి. ఐదు లక్షల లోపు దరఖాస్తుకి రెండు పేజీలు చాలు. ఆ రెండు పేజీలు తెలుగులో తీసుకోండి, ఎందుకంటే లైబ్రరీ నడిపే మనిషే తన పని గురించి రాయాలి, హైదరాబాద్‌లో కూచున్న నాలాంటి వాడు కాదు. ఆ అమ్మాయి రాస్తే మా ఊరు లోటుల జాబితాలా ఉండదు. పేపరు కోసం పోట్లాడుకునే సార్లూ ఉంటారు, నవలతో దొరికిపోయిన పిల్లలూ ఉంటారు.

ఈ పేజీ చదివేవాళ్ళలో చాలామంది నాలాగే పెద్ద కంపెనీల్లో పనిచేస్తున్నారు. మీ కంపెనీ ఫౌండేషన్ ఫారం ఒకసారి తెప్పించుకుని ఒక కథని చదివినట్టు చదవండి. అందులో జీతానికి ఎంత శాతం గీత ఉందో చూడండి. ఆ గీత ఏ చట్టంలో ఉందో మీ హెచ్ఆర్ వాళ్ళని రాతపూర్వకంగా అడగండి. పుస్తకాల మీద ప్రేమ ఉందని చెప్పుకునే మనం పుస్తకం చేతికందించే మనిషికి నెల తిరిగేసరికి జీతం పడాలని అడగలేకపోతే, ఆ ప్రేమ వల్ల టేకుమట్లలో ఒక్క తలుపు కూడా తెరుచుకోదు.