విమానములకు మన సంస్కృతిలో చోటు లేదా?

సంస్కృతి యనగానే మన సంఘములవారి దృష్టి పద్యపఠనముమీదికి, త్యాగరాజ ఆరాధనమీదికి, కూచిపూడి నాట్యముమీదికి పోవును. పోవుట న్యాయమే. పొరుగు రాష్ట్రమున తరములుగా కాపురమున్నవారికి ఇవి పెట్టని కోటలు. కాని ఈ కోటలోనికి రానీయక మనము వాకిటనే నిలిపిన వస్తువొకటి బెంగుళూరు తెలుగువారి ట్రంకుపెట్టెలలో నున్నది. అది పాత విమానముల ఛాయాచిత్రము. దానిని అంటిపెట్టుకొనియున్న జ్ఞాపకము. దానిని వెలికి తీయువారిని చూచి మనవారు నవ్వుచున్నారు. ఆ నవ్వు తగదని చెప్పుటకే ఈ వ్యాసము.

నవ్వులపాలగుచున్న ఆ అభిమానులెవరు? రెండేండ్లకొకసారి యలహంకలో ఏరో ఇండియా ప్రదర్శన జరుగును. 1996 లో మొదలైన ఆ ఉత్సవము 2025 ఫిబ్రవరిలో పదునైదవసారి జరిగినది. ఆ దినములందు మిట్టయెండలో, మెడకు కెమెరా తగిలించుకొని, ఆకాశమువైపు తలయెత్తి నిలిచియుండువారే వీరు. తోకమీది అంకె చూచి విమానము పుట్టుపూర్వోత్తరములు చెప్పగలరు. తాము తీసిన చిత్రములను, తండ్రులు దాచిన చిత్రములను ఒకరికొకరు చూపుకొందురు. సూర్యకిరణ్ దళము బెంగుళూరులో పుట్టిన కిరణ్ విమానములమీద విన్యాసములు చేసిన కాలమును తలచుకొని మురియుదురు. "పనీపాటా లేని పిల్లచేష్ట" అని ఇంటివారే అందురు.

పిల్లచేష్టయే యనుకొందము. అట్టి చేష్ట యొకటి ఏమి చేసినదో చూడుడు. మనము టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలుచుకొను విజ్ఞానసంస్థలో 1942 లో వైమానిక శాఖ ఏర్పడినది. యుద్ధకాలపు స్పిట్‌ఫైర్ విమానమొకటి అక్కడ నిలిపియుండగా చూచి ముగ్ధుడైన యువకుడు రొద్దం నరసింహ. ఆ చూపుతోనే ఆయన మనస్సు వైమానిక శాస్త్రమునకు కట్టుబడినది. ఆయనయే తరువాత ప్రపంచము గుర్తించిన శాస్త్రవేత్తయై, 1984 నుండి 1993 వరకు ఈ నగరమందలి జాతీయ వైమానిక ప్రయోగశాలను నడిపి, 2013 లో పద్మవిభూషణ్ గౌరవమును పొందిరి. కదలక మెదలక నిలిచిన పాత విమానము ఒక పండితుని తయారుచేసినది. ఇక దానిని ఆటవస్తువనుటెట్లు?

రొద్దం అనునది పెనుకొండ దాపునగల ఊరు. విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరైన మోక్షగుండం కంభము ప్రాంతపు ఊరు. వారి పూర్వులు ఏనాడో ఆ ఊళ్లు విడిచి మైసూరు సీమకు వచ్చిరి. అయినను ఊరి పేరు ఇంటిపేరై వెంట వచ్చినది. మనలో ఎందరో ఇంటిపేరుగల ఊరిని కంటితో చూచి యెరుగరు. చేవ్రాలులో మాత్రము దానిని మోయుచునే యున్నారు. తెలుగువాని జ్ఞాపకము అంత గట్టిది. అట్టివారికి తాత సైతము చూడని ఊరు జ్ఞాపకమున్నది, తండ్రి తన చేతులతో రివెట్లు కొట్టిన విమానము జ్ఞాపకము లేదు! ఇంతకంటె వింత యేమున్నది?

"విమానములు దేశమువి, కర్మాగారము మైసూరుది, ఇందులో తెలుగుతనమేది?" అని కొందరడుగుదురు. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్‌గారు మైసూరు ప్రభుత్వపు అండతో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థను స్థాపించిరి. యుద్ధసమయమున 1943 లో అది అమెరికా సైన్యపు నిర్వహణకు పోయి, వారి విమానములకు మరమ్మతుశాల అయ్యెను. స్వాతంత్ర్యానంతరము ఈ సంస్థయు, టెలిఫోను, గడియారము, ఎలక్ట్రానిక్స్ కర్మాగారములును పిలువగా అనంతపురమునుండి, చిత్తూరునుండి, నెల్లూరునుండి, కోస్తా జిల్లాలనుండి మనవారు వచ్చిరి. ఘాటగేగారు రూపొందించిన హెచ్.టి.-2 శిక్షణ విమానము 1951 ఆగస్టులో ఎగిరినది. రూపకల్పన ఒకరిది, కాని రేకు కోయువారు, తీగెలు అమర్చువారు, ఇంజను విప్పి కూర్చువారు లేక విమానము నేల విడుచునా? అట్టి పని కన్నడిగుడు, తమిళుడు, మలయాళి, తెలుగువాడు పక్కపక్కన నిలిచి చేసినది. మన వాటాను వేరుచేసి తూకము వేయుమని నేననను. ఆ వాటా ఉన్నదన్న మాట మన పిల్లలకు తెలియవలెనందును.

మరికొందరు ధర్మపక్షమున మాటాడుదురు: "ఇవి ప్రాణములు తీయు యంత్రములు, వీనికి హారతులేల?" ఈ ఆక్షేపణ తేలికగా తీసివేయదగినది కాదు. కాని హెచ్.టి.-2 విద్య నేర్పిన విమానము. పుష్పక్ ఫ్లయింగు క్లబ్బులలో సామాన్య యువకులకు రెక్కలిచ్చిన విమానము. యుద్ధవిమానమైన మారుత్ మాట చూతము. జర్మనీ దేశపు కుర్ట్ టాంక్‌గారి నాయకత్వమున రూపుదిద్దుకొని, 1961 జూన్ 17 న సురంజన్ దాస్‌గారి చేతిలో అది మొదటిసారి ఎగిరెను. తగిన శక్తిగల ఇంజను దొరకక, ఆశించిన వేగమును అది ఎన్నడును అందుకొనలేదు. 1970 జనవరిలో మారుత్ విమానమే కూలి దాస్‌గారు మరణించిరి. ఈ కథలో గర్వమున్నది, లోపమున్నది, కన్నీరున్నది. దీనిని ఉన్నదున్నట్లు చెప్పుట హారతి కాదు, చరిత్ర. చెప్పకున్న మిగులునది గోడమీది గొప్పల పటము మాత్రమే.

"ప్రదర్శనశాలలు ఉన్నవిగదా, మనకేల ఈ శ్రమ?" అనునది మూడవ వాదము. ఉన్నవి. పాత విమానాశ్రయపు దాపున 2001 లో ఆ సంస్థవారే ఒకటి తెరచిరి. కస్తూరిబా మార్గమున విశ్వేశ్వరయ్యగారి పేరిటి ప్రదర్శనశాల ముందర మారుత్ విమానము నిలిచియున్నది. కాని ప్రదర్శనశాల లోహమును కాపాడును. దానిని మలచిన మనిషి మాటను ఎవరు కాపాడుదురు? లిబరేటరు బాంబరుల సంగతి వినుడు. యుద్ధము ముగిసినపిదప కాన్పూరులో పాడుచేసి వదలిన ఆ నాలుగింజనుల విమానములను మన కర్మాగారమువారు ఎగురగల స్థితికి తెచ్చి, బెంగుళూరునకు చేర్చి, నలువదికి పైగా పునర్నిర్మించిరి. 1968 వరకు అవి భారత వైమానికదళమున సేవచేసినవి. అందు కొన్ని నేడు బ్రిటను, అమెరికా, కెనడా ప్రదర్శనశాలలలో కంటికి రెప్పవలె కాపాడబడుచున్నవి. పరదేశమువారు పారవేసినదానిని మనవారు బాగుచేసిరి. మనవారు వాడి విడిచినదానిని పరదేశపు అభిమానులు పూజించుచున్నారు. ఆ విమానములక్రింద పానా పట్టుకొని పడుకొన్నవాని పేరు మాత్రము అక్కడా లేదు, ఇక్కడా లేదు.

పైగా మన దేశమున చిత్రములే అరుదు. 1937 నాటి విమాన నియమములు అనుమతి లేక విమానాశ్రయములలో ఛాయాచిత్రములు తీయరాదనినవి. ఇంగ్లండులో కంచెవద్ద నిలిచి కుర్రవాడు తీసిన చిత్రములు మనకు లేవు. కనుక పదవీవిరమణనాడు తోటివారితో విమానము ముందర తీయించుకొన్న సామూహిక చిత్రమే మనకు శాసనము. ఇల్లు మారునప్పుడో, పెద్దవారు పోయినపిదపనో, అవి పాతకాగితములవానికి తూకమున పోవుచున్నవి.

ఇక అభిమానులకును ఒక మాట. ఏండ్ల తరబడి స్పిట్‌ఫైర్, మస్టాంగులనే జపించు మీరు మీ వీధిచివర పుట్టిన హెచ్.టి.-2 ను మరచుట న్యాయమా? తేది లేని, స్థలము లేని, మనుష్యుల పేర్లు లేని చిత్రమును వేయిమందికి పంచినను అది తల్లిదండ్రులెవరో తెలియని బిడ్డయే. విమానపు అంకె కంఠస్థము చేయువారు పక్కన నిలిచిన మనిషి పేరు అడుగరేల?

తెలుగువారికి ఇందు ఆసక్తి లేదనుట అబద్ధము. విశాఖ సముద్రతీరమున 2017 డిసెంబరులో నౌకాదళపు టి.యు.-142 విమానమును ప్రదర్శనశాలగా తెరువగా కుటుంబములు పిల్లలతో లోపలికి పోయి చూచి వచ్చుచున్నవి. సెలవులకు విశాఖ పోయి టిక్కెట్టు కొని చూచువారము, మన ఇంటి పెట్టెలోనున్నదానిని చూచి నవ్వుటెందుకు?

ఈ నగరము తనవంతు చేసినది. సురంజన్ దాస్ రోడ్డు, విండ్ టన్నెల్ రోడ్డు, విమానపుర అని పేర్లు పెట్టి నిలుపుకొన్నది. ఇక మనవంతు. వచ్చు ఉగాదినాడు సంఘపు మందిరములో కవిసమ్మేళనమునకు వేదిక వేసినట్లే ఒక బల్ల వేయుడు. కర్మాగారములలో పనిచేసిన పెద్దలను పిలిచి, వారి చిత్రములను తెప్పించుడు. ప్రతి చిత్రము వెనుక పెన్సిలుతో సంవత్సరము, విమానము పేరు, ఎడమనుండి నిలిచినవారి పేర్లు ఇంటిపేర్లతో సహా వ్రాయించుడు. నకలు తీసి అసలు వారికే ఇచ్చివేయుడు. దీనికి విరాళములు అక్కరలేదు, ముఖ్య అతిథి అక్కరలేదు. కావలసినది తొందర. ఆ పేర్లు చెప్పగలవారు ఏటేటా తగ్గుచున్నారు. వారు పోయినపిదప పేరు చెప్పు పెన్సిలు ఏ దుకాణమునను దొరకదు.