మాత్రలతోపాటు పూతమందూ ఇవ్వండి

కేపసిటబైన్ మాత్రలు వాడుతున్నవాళ్లు వార్డులోకి రాగానే నేను ముందు అరచేతులు చూపించమంటాను. రక్తపరీక్షల కాగితాలు ఆ తర్వాతే. గుంటూరులో కీమో డేకేర్ నర్సుగా పనిచేస్తున్నాను. రొమ్ము, పెద్దపేగు, జీర్ణాశయ క్యాన్సర్లకు ఈ మాత్రలు రాస్తారు. సెలైన్‌లో ఎక్కించే మందైతే మా కళ్లెదుటే ఎక్కుతుంది. వీటిని మాత్రం చాలామంది రెండు వారాలు ఇంటి దగ్గర వేసుకుని, ఒక వారం ఆపి, మళ్లీ మొదలుపెడతారు. ఆ రోజుల్లో వాళ్ల ఒంటికి ఏమవుతోందో చూసే నర్సు పక్కన ఉండదు.

మొదట అరచేతులు, అరికాళ్లలో చీమలు పాకినట్టు ఉంటుంది. తర్వాత ఎర్రబడి మండుతాయి. అశ్రద్ధ చేస్తే వాచి, పొరలూడి, పగిలి, బొబ్బలెక్కుతాయి. డాక్టర్లు దీన్ని హ్యాండ్ ఫుట్ సిండ్రోమ్ అంటారు. ఎండన పడి పనిచేసిన మనిషి చేతిలో ఆ ఎరుపు తేలిగ్గా కనపడదు, నల్లబడి బిరుసెక్కినట్టు ఉంటుంది. అందుకే బొటనవేలితో మెల్లగా నొక్కి, మనిషి ముఖం చూస్తాను.

పల్నాడు వైపు నుంచి వచ్చే ఆడవాళ్లలో చాలామంది మిరప పనికి పోయేవాళ్లే. కోతలు, కల్లాల్లో తాలుకాయలు ఏరడం, తొడిమలు తీయడం. అరవై దగ్గరపడ్డ ఒకావిడ చేతులు కొంగులో దాచుకుని కూర్చుంది. అడిగితే, "ఏం లేదు సిస్టరమ్మా, కాస్త మంట" అంది. కొంగు తీయించి చూశాను. వేళ్ల కణుపుల దగ్గర చర్మం చీలిపోయింది, ఆ చీలికల్లో కారం ఇంకి ఉంది. అన్నం కలుపుకోలేక స్పూనుతో తింటోందట. "డాక్టరుగారికి చెబితే బిళ్లలు ఆపేస్తారని చెప్పలేదమ్మా. ఆపితే జబ్బు తిరగబెడుతుందిగా" అంది.

ఈ భయం ఆవిడ ఒక్కదానిదే కాదు. నొప్పి మొదలవగానే చెబితే డాక్టరు కొద్దిరోజులు ఆపి, అవసరమైతే మోతాదు తగ్గించి, మళ్లీ ఇస్తారు. దాచిపెట్టి పుండ్లు పడేదాకా తెచ్చుకుంటేనే మందు ఎక్కువకాలం మానాల్సి వస్తుంది. ప్రాణం మీదికొచ్చిన జబ్బుకు వైద్యం జరుగుతుంటే చేతుల మంట గురించి ఇంత రభస ఎందుకని ఇంట్లోవాళ్లు అంటారు, ఆస్పత్రుల్లోనూ అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. చేతులు పాడైతే ఆగిపోయేది ఆ వైద్యమే.

పైగా నివారణ మన దేశంలోనే నిరూపణైంది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ఈ మాత్రలు వాడుతున్న 264 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు చేత 1 శాతం డైక్లోఫెనాక్ జెల్, రెండో జట్టు చేత మందు లేని జెల్ రోజుకు రెండుసార్లు, 12 వారాలపాటు చేతులకు రాయించారు. నొప్పి పుట్టి పనులకు అడ్డమయ్యే దశకు చేరినవాళ్లు మందు లేని జట్టులో 15 శాతం, డైక్లోఫెనాక్ జెల్ రాసుకున్న జట్టులో 3.8 శాతం. ఈ ఫలితాలు 2024లో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీలో వచ్చాయి. మోకాళ్ల నొప్పులకు మన ఇళ్లలో రాసుకునే జెల్ ఇదే. యూరియా కలిసిన క్రీములూ పనిచేస్తాయి. ఏది రాయాలన్నా డాక్టరును అడిగే రాయాలి, పగిలి పచ్చిగా ఉన్నచోట జెల్ పూయకూడదు. మాత్రలు మొదలైన రోజునుంచే రాస్తే ఫలితం. మా వార్డులో నేను చూస్తున్నంతవరకు మాత్రలు చేతికొస్తున్నాయి గానీ, పూతమందు మాత్రం రోగి బయట కొనుక్కోవాల్సిందే. కొనమని చెప్పేవాళ్లు లేక చాలామంది కొనడమూ లేదు.

ఇంట్లోవాళ్లకు చెప్పేది కొంచెమే. వేడినీళ్లలో చేతులు పెట్టనివ్వకండి. గిన్నెలు తోమడం, బట్టలు ఉతికి పిండడం ఇంకొకరు అందుకోండి, కొడుకైనా సరే. బిగుతు చెప్పులు వద్దు. పగుళ్ల మీద పసుపు, వేపాకు నూరి పెట్టొద్దు.

మా రోగులు కరెంటు అని పిలిచే రేడియేషన్ పెట్టించుకునేవాళ్లకూ చర్మం బాధే, అది ఇంకో రకం. కరెంటు పెట్టినన్నాళ్లూ అది పెట్టినచోట నీళ్లు తగలకూడదని వారాల తరబడి స్నానం మానేసినవాళ్లను చూశాను. గోరువెచ్చని నీళ్లు పోసుకోవచ్చు, ఘాటులేని సబ్బూ వాడొచ్చు. రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దుకోవాలి, కరెంటు పెట్టేవాళ్లు గీసిన గుర్తులు చెరపకూడదు. కరెంటు అయిపోయాక కూడా ఒకటి రెండు వారాలు చర్మం ఇంకా కమలవచ్చు. అప్పటికి ఆస్పత్రికి రావడం మానేసి ఉంటారు కాబట్టి, ఆఖరిరోజునే ఈ సంగతి చెప్పి పంపాలి.

మళ్లీ చేతుల దగ్గరికే వస్తాను. కేపసిటబైన్ వల్ల వేలిముద్రలు చెరిగిపోవచ్చు. 2008 డిసెంబరులో సింగపూర్ నుంచి అమెరికా వెళ్లిన 62 ఏళ్ల రోగి వేలిముద్రలు యంత్రంలో పడక, ఆయనను విమానాశ్రయంలో నాలుగు గంటలు ఆపేశారు. ఆయన వైద్యులు ఆ సంగతిని 2009లో వైద్యపత్రికలో రాశారు. మన దగ్గర రేషన్ బియ్యానికీ వేలిముద్రే, పింఛనుకూ వేలిముద్రే. ముద్ర పడకపోతే కంటిపాపతోనో ముఖంతోనో సరిచూసే వీలుంది. అయినా ఆ యంత్రం పనిచేయడం లేదనో, సర్వర్ లేదనో రేపు రమ్మన్నారని మా దగ్గరికొచ్చి చెప్పుకునేవాళ్లున్నారు. కాళ్లు పగిలిన మనిషికి రేషన్ డిపో చుట్టూ రెండోసారి తిరగడం ఎంత నరకమో, మాత్రలు వాడినవాళ్లకే తెలుస్తుంది.

ఆస్పత్రులకు నా మనవి ఇది: మొదటి మాత్రల కవరులోనే పూతమందు ట్యూబు ఒకటి పెట్టండి. తెలుగులో ఒక పేజీ జాగ్రత్తలు రాసివ్వండి, చదువురానివాళ్లకు నర్సు కూర్చుని చెప్పాలి. మూడో వారం లోపు ఒకసారి ఫోన్ చేసి చేతులెలా ఉన్నాయో అడగండి. పౌరసరఫరాల, పింఛన్ల అధికారులకు ఇంకో మనవి. "ఈ రోగి వేలిముద్రలు మందు వల్ల చెరిగాయి" అని క్యాన్సర్ డాక్టరు రాసిచ్చిన చీటీ చూపిస్తే, చికిత్స పూర్తయి గీతలు మళ్లీ తేలేదాకా వేలిముద్ర అడగకుండా బియ్యం, పింఛను ఇచ్చేలా ఉత్తర్వు ఇవ్వండి. ఆ చీటీలు రాయించి, రోగుల చేతికిచ్చే పని మా నర్సులం చూసుకుంటాం.