తిరుగు టిక్కెట్టు ఎవరి ఖాతాలో?

సేవ చేద్దామని విదేశాలకు బయలుదేరే విద్యార్థులు మన కాలేజీలో ఏటేటా పెరుగుతున్నారు. సంతోషించవలసిన విషయమే. ఒకప్పుడు ఎన్.ఎస్.ఎస్. క్యాంపు అంటే పక్క ఊళ్ళో రోడ్డు వెయ్యడం, చెరువులో పూడిక తియ్యడం. ఇప్పుడు నేపాల్ అంటున్నారు, శ్రీలంక అంటున్నారు, కెన్యా దాకా కూడా వెళ్తామంటున్నారు. పాస్‌పోర్టులు, బ్యానరు, అందరికీ ఒకే రంగు చొక్కాలు నెల ముందే తయారైపోతాయి. ఐతే ఇంత హడావిడిలోనూ ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. తిరిగి రావలసిన రోజున విమానం ఎగరకపోతే, మనవాళ్ళు ఎవరింట్లో అన్నం తింటారు?

ప్రశ్న మోటుగా ఉందని ఒకరిద్దరు మిత్రులు అన్నారు. మోటుగానే ఉండనివ్వండి. సేవ అనే మాట చుట్టూ మనం అల్లుకున్న పూలదండలు కాస్త పక్కకి తీస్తే కనిపించేది ఈ అన్నం లెక్కే.

విమానాలు ఆగిపోవడం వందేళ్ళకోసారి జరిగే వింతేమీ కాదు. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండులో ఒక అగ్నిపర్వతం బూడిద కక్కింది. దాని పేరు పలకబోతే నాలుక మడతపడుతుంది కనుక వదిలేద్దాం. ఆ బూడిదకి యూరప్ ఆకాశం సుమారు వారం రోజులు మూతపడింది. లక్ష దాకా విమానాలు రద్దయ్యాయి, కోటి మంది దాకా ప్రయాణికులు చిక్కుపడ్డారు. కెన్యాలో యూరప్ బజార్ల కోసం కోసిన పూలూ, కూరగాయలూ విమానం ఎక్కే దారి లేక కుళ్ళిపోయాయి. నిప్పు రాజుకున్నది ఐస్‌లాండులో, కూలి డబ్బు పోయింది ఆఫ్రికాలో పూలు కోసే ఆడకూలీకి. విమానం ఆగినప్పుడు నష్టం టిక్కెట్టు కొన్నవాడి దగ్గరే ఆగదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

ఇక నాకు బాగా తెలిసిన కథకి వస్తాను. 2015 మార్చి 4వ తేదీ ఉదయం ఖాట్మండూలో దట్టమైన పొగమంచు. దిగుతున్న ఒక పెద్ద విదేశీ విమానం రన్‌వే మీంచి పక్కకి జారి గడ్డిలో కూరుకుపోయింది. లోపలున్న రెండువందల పైచిలుకు మందీ ప్రాణాలతో బయటపడ్డారు. కానీ త్రిభువన్ విమానాశ్రయానికి ఉన్నది ఒకటే రన్‌వే. అప్పటికి నేపాల్ దేశం మొత్తానికి అంతర్జాతీయ విమానాశ్రయం కూడా అదొక్కటే. భైరహవాలో 2022లోనూ, పోఖరాలో 2023లోనూ తరవాత వచ్చాయి. అంత పెద్ద విమానాన్ని బురదలోంచి లాగే సామాను అక్కడ లేదు. మన దేశం నుంచి వాయుసేన విమానంలో తెప్పించుకోవలసి వచ్చింది. ఈ లోపల సుమారు నాలుగు రోజులు విదేశాలకు పోయే విమానాలన్నీ బంద్.

అదే రోజు మధ్యాహ్నం మా బృందం ఢిల్లీకి ఎగరాలి. పదిమంది విద్యార్థులం, ఒక లెక్చరరుగారు. ఖాట్మండూకి తూర్పున కాభ్రేపలాంచోక్ జిల్లాలో ఒక కొండ ఊరి బడికి నీళ్ళ తొట్టీ, మరుగుదొడ్లూ కట్టడానికి రెండు వారాల పని మీద వెళ్ళాం. పని బాగానే జరిగింది. వీడ్కోలు సభ, మెడలో బంతిపూల దండలు, ఫోటోలు, అన్నీ అయిపోయాయి. విమానాశ్రయం గేటు దగ్గరికి చేరేసరికి బయట జనం జాతరలా ఉన్నారు. విమాన సంస్థ కౌంటరులో ఎవరూ ఏమీ చెప్పరు. మా దగ్గర మిగిలిన డబ్బు, అందరిదీ కలిపి, ఖాట్మండూలో చవక లాడ్జీలో ఒక రాత్రికి సరిపోతుంది. ఆ రాత్రి గడిచింది.

రెండో రోజు పొద్దున్న ఆ ఊరి బడి మాస్టారు బస్సెక్కి వచ్చేశారు. “మీరిక్కడ ఎందుకు? ఊరికి పదండి” అన్నారు. మళ్ళీ అదే ఊరు, అవే ఇళ్ళు. నలుగురం ఒకే ఇంట్లో. ఆ ఇంటావిడని మేం దిదీ అనేవాళ్ళం, ఆవిడ మమ్మల్ని భాయి అనేది. మంచి మనిషి. పొయ్యి దగ్గరే కూచోబెట్టి అన్నం, పప్పు, గుండ్రుక్ పులుసు పెట్టేది. గుండ్రుక్ అంటే ఆకుకూరని పులియబెట్టి ఎండబెట్టింది. మన గోంగూర తినేవాడికి తొందరగానే అలవాటవుతుంది లెండి. ఆ వారంలోనే హోలీ కూడా. ఊరి పిల్లలు మా మీద రంగు నీళ్ళు పోశారు. మావాళ్ళు “భలే కలిసొచ్చింది” అని సంబరపడ్డారు.

నా కంటపడ్డ సంగతి వేరే ఉంది. ఆ ఇంట్లో ఒకటే గేదె. మేం పని చేసిన రెండు వారాలూ రోజూ తెల్లవారుజామున దిదీ కొడుకు పాలక్యాను పట్టుకుని కొండ దిగి, పాలు పోసి వచ్చేవాడు. మేం తిరిగి వెళ్ళిన రోజు నుంచి క్యాను గోడకి బోర్లించే ఉంది. పాలన్నీ మా టీలోకీ, మా పెరుగులోకీ వచ్చేశాయి. మొదటి రెండు వారాలకి మా తిండి ఖర్చు మమ్మల్ని పంపిన సంస్థ ముందే కట్టింది. ఈ రోజులకి ఎవరూ కట్టలేదు. మా లెక్చరరుగారు డబ్బు ఇవ్వబోతే దిదీ చేతులు వెనక్కి పెట్టుకుంది. అతిథి దగ్గర పుచ్చుకుంటారా అని మాస్టారు నవ్వేశారు. వాళ్ళ మర్యాద వాళ్ళది. ఆ మర్యాద ఖరీదు ఆ ఇంటి పాలడబ్బు.

చివరికి విమానం కోసం కాచుకోవడం మానేసి రోడ్డున పడ్డాం. భారతీయులం కాబట్టి ఆ వీలైనా ఉంది. మా పక్కన వాకిట్లో నిలబడ్డ ఇతర దేశాల వాళ్ళకి అంత సులువు కాదు. ఖాట్మండూ నుంచి జీపులో బీర్‌గంజ్, అక్కణ్ణుంచి టాంగా ఎక్కి సరిహద్దు దాటి రక్సౌల్, అక్కడ మిథిలా ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో హౌరా, హౌరా నుంచి మళ్ళీ ఇంకో రైలు. వీపులు విరిగిపోయాయి. ఒకడికి ప్రాక్టికల్ పరీక్ష పోయింది. మరుసటి ఏడాది దాకా వాడు ఆ ఒక్క పేపరు కోసం ఫీజు కట్టి తిరిగాడు. ఆ ఖర్చు కూడా ఏ నివేదికలోనూ ఎక్కలేదు.

కొందరంటారు, చిక్కుపడ్డ రోజులే అసలైన అనుభవం, ప్రజల్లో కలిసిపోయే అవకాశం అని. ఇలాంటి సంచికల్లోనే అలాంటి వ్యాసాలు చాలా చదివాను. నాకు ఆ వాదన నచ్చదు. అనుభవం మనకి, ఖర్చు వాళ్ళకీనా? పైగా ఆ ఇంటి వాళ్ళు “ఇంక వెళ్ళండి బాబూ” అని చచ్చినా అనరు. అనలేని వాళ్ళ దగ్గర ఉండిపోవడాన్ని కలిసిపోవడం అనకూడదు. మన ఇళ్ళల్లో పెళ్ళికి వచ్చిన చుట్టాలు పదహారు రోజుల పండగ దాకా ఉండిపోతే అమ్మ వంటింట్లో ఎలా గొణుక్కుంటుందో మనకి తెలీదా? దిదీ మాత్రం గొణుక్కోలేదా? నేపాలీలో గొణుక్కుంటే మనకి అర్థం కాలేదంతే.

టిక్కెట్ల సంగతి కూడా కొంచెం చెప్పాలి. ఢిల్లీ-ఖాట్మండూ రానుపోను ఒక టిక్కెట్టు, ఢిల్లీ-హైదరాబాదు విడిగా ఇంకో టిక్కెట్టు కొన్నాం. చవగ్గా వస్తుందని అందరూ చేసే పనే. మొదటిది రద్దయింది కాబట్టి దాని డబ్బు కొన్నాళ్ళకి తిరిగి వచ్చింది. రెండోది మాత్రం గంగపాలు. ఆ విమానం సమయానికే ఎగిరిందాయె, మేమే లేము! మొత్తం ప్రయాణం ఒకే టిక్కెట్టు మీద ఉంటే గమ్యం చేర్చే బాధ్యత కొంతైనా సంస్థ మీద ఉంటుంది. రెండు ముక్కలైతే మధ్యలో పడ్డ గోతికి ఎవరూ పూచీ పడరు.

చట్టం ఏమంటుందని అడగవచ్చు. 2010 బూడిద రోజుల్లో పోర్చుగల్‌లో చిక్కుపడిన ఒక ప్రయాణికురాలు తన బసకీ, తిండికీ అయిన సుమారు 1,130 యూరోల కోసం విమాన సంస్థ మీద దావా వేసింది. 2013 జనవరి 31న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చి చెప్పింది: అగ్నిపర్వతం పేలినా సరే, ప్రయాణికుడికి తిండీ, పడకా చూడవలసిన బాధ్యత సంస్థదే అని. గొప్ప తీర్పు. కానీ అది యూరప్ నిబంధనల కిందికి వచ్చే ప్రయాణాలకే. మన దేశపు విమానయాన నిబంధనల్లో అసాధారణ పరిస్థితుల్లో నష్టపరిహారం ఇవ్వనక్కర్లేదని రాసే ఉంది. పొగమంచుని, భూకంపాన్ని ఎవడు కోర్టుకి ఈడుస్తాడు? కనుక మనవాడు నేపాల్‌లోనో, నైరోబీలోనో ఆగిపోతే లెక్క చివరికి ఇద్దరి దగ్గరే తేలుతుంది. పంపినవాళ్ళు కట్టాలి, లేదా అన్నం పెట్టినవాళ్ళు భరించాలి.

మేం తిరిగొచ్చిన రెండు నెలల లోపే, 2015 ఏప్రిల్ 25న, నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. సుమారు తొమ్మిదివేల మంది పోయారు. బాగా దెబ్బతిన్న 14 జిల్లాల్లో కాభ్రే ఒకటి. మళ్ళీ అదే ఒంటి రన్‌వే మీద సహాయ విమానాలు, సైన్యపు విమానాలు, ఊరు వదిలి పోవాలనుకునేవాళ్ళ విమానాలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. దిగడానికి చోటు దొరక్క కొన్ని విమానాలు ఆకాశంలో చక్కర్లు కొట్టి వెనక్కి మళ్ళాయి. మే మొదటి వారంలో రన్‌వే పాడవుతోందని పెద్ద విమానాలనే వద్దన్నారు. చిక్కుపడ్డ మనవాళ్ళని వాయుసేన విమానాల్లోనూ, రోడ్డు మీద బస్సుల్లోనూ దాటించారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు.

ఆ రోజుల్లో మా బృందంలో సగం మంది మళ్ళీ బయలుదేరతామన్నారు. ఉద్దేశం మంచిదే, కాదనను. ఫోను కలిసిన రోజున ఆ బడి మాస్టారే ఆపారు. “బాబూ, మేమే టార్పాలిన్ కింద పడుకుంటున్నాం. మీరొస్తే మీకు పడక ఎక్కడ వెయ్యాలి? రాకండి. డబ్బు పంపండి, రేకులు కొంటాం” అన్నారు. మేం కట్టిన తొట్టి పగిలిందట. దిదీ ఇంటి పై అంతస్తు కూలిందట. గేదె బతికిందట. హాస్టళ్ళు తిరిగి చందాలు పోగుచేసి పంపాం. పదిమందికి రానుపోను టిక్కెట్ల ఖర్చు కంటే ఎక్కువే పోగైంది. దానితో ఆ ఊళ్ళో కొన్ని ఇళ్ళకి వానాకాలం లోపల రేకులు పడ్డాయి. ఆ మాట మాస్టారు చెప్పిందే, మేం చూడలేదు, ఫోటో కూడా లేదు.

కరోనా రోజులు ఇప్పటి విద్యార్థులకి బాగా గుర్తే. 2020 మార్చి నడుమ అమెరికా వారి పీస్ కోర్ అనే సేవా సంస్థ అరవై పైచిలుకు దేశాల్లో ఉన్న సుమారు 7,000 మంది వాలంటీర్లని ఒక్కసారిగా వెనక్కి పిలిపించింది. 1961లో ఆ సంస్థ పుట్టాక అందరినీ అలా రప్పించడం అదే మొదలు. ఆ సంస్థ రాజకీయాల మీద ఎవరి అభిప్రాయాలు వారివి, నావీ నాకున్నాయి. కానీ పంపినవాడే తీసుకురావాలన్న సూత్రం మాత్రం అక్కడ ఆచరణలో కనబడింది. అదే వారంలో ఫిలిప్పీన్స్‌లో డాక్టరీ చదివే మన పిల్లలు కౌలాలంపూర్ విమానాశ్రయంలో చిక్కుకుపోయి, ప్రత్యేక అనుమతి మీద విశాఖపట్నంలో దిగారు. మార్చి 22 నుంచి విదేశీ విమానాలు పూర్తిగా ఆగాయి. ఆ తరవాత ఆగిపోయినవాళ్ళు వందే భారత్ విమానాల కోసం మే 7 దాకా ఎదురుచూశారు, ఛార్జీలు కూడా తామే పెట్టుకుని వచ్చారు. అంతమందిని ఒక ప్రభుత్వం తేవడానికే నెలన్నర పట్టింది. పదిమందిని పంపే కాలేజీ యూనియను ఏ ధైర్యంతో ఏ ఏర్పాటూ లేకుండా పంపుతోందో నాకు అంతుపట్టదు.

మానెయ్యమనడం లేదు. వెళ్ళవలసిందే. పుస్తకాల్లో పొరుగుదేశం గురించి చదివినవాడికీ, ఆ దేశంలో ఇటుకలు మోసినవాడికీ చాలా తేడా ఉంటుంది. ఐతే వెళ్ళేవాళ్ళు తలకి వారం రోజుల అదనపు తిండి డబ్బు ముందే ఆ ఊరి పెద్దల చేతిలోనో, బడి ఖాతాలోనో పెట్టి మరీ వెళ్ళాలి. చిక్కుపడితే అది మన భోజనం. చిక్కుపడకపోతే వెనక్కి అడక్కూడదు, బడికి సుద్దముక్కలకీ, కిటికీ రెక్కలకీ పనికొస్తుంది. ముందే ఇస్తే అది చందా కింద వెళ్తుంది కాబట్టి దిదీ లాంటి వాళ్ళు చేతులు వెనక్కి పెట్టుకునే ఇబ్బందీ తప్పుతుంది. డబ్బెక్కడిదంటారా? వార్షికోత్సవానికి సినిమావాళ్ళని పిలిచే రాకపోకల ఖర్చులో సగం చాలు. పోనీ, ఈ సంచిక అట్ట మీద నాలుగు రంగులు తగ్గించినా కొంత కలిసొస్తుంది. సంపాదకులు కోప్పడకుందురు గాక.

టిక్కెట్టు ఒకటే ఉండాలి, పది రూపాయలు ఎక్కువైనా సరే. ప్రయాణం పరీక్షలకి కనీసం రెండు వారాల ఎడంగా పెట్టాలి. ప్రిన్సిపాలుగారి అనుమతి పత్రంలో, ఆలస్యమైతే ప్రాక్టికల్స్ మళ్ళీ పెడతామన్న ఒక్క వాక్యం చేర్చాలి. ఇందులో చేర్చలేనిది ఏముందో డిపార్టుమెంటు పెద్దలే చెప్పాలి. రోడ్డు దారి ఉన్న దేశమైతే ఆ దారి, రైలు పేరు, సరిహద్దు ఊరు కాగితం మీద రాసుకుని ప్రతివాడి జేబులో పెట్టాలి. మాకు మిథిలా ఎక్స్‌ప్రెస్ సంగతి చెప్పింది విమాన సంస్థా కాదు, మమ్మల్ని పంపిన సంస్థా కాదు. బీహారు నుంచి వచ్చి ఖాట్మండూలో పళ్ళబండి పెట్టుకున్న ఒక ముసలాయన.

ఈ ఏడు యూనియను ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళంతా తమ కరపత్రాల్లో విదేశీ సేవాయాత్ర అని పెద్ద అక్షరాలతో వేశారు. జనరల్ బాడీ మీటింగులో ఆ యాత్ర బడ్జెట్టు చదివేటప్పుడు, వెళ్ళడానికి ఎంత అన్న గీత కింద, ఆగిపోతే ఎంత అన్న గీత కూడా ఉందో లేదో పూర్వ విద్యార్థుల బెంచీల్లోంచి లేచి అడుగుతాను. జవాబు సిద్ధం చేసుకుని రమ్మని ఇప్పుడే చెబుతున్నాను.