పెట్రోలు లారీ మనకేల?

మన సంఘపు పాత పెట్రోలు లారీని అమ్మవలదని కొందరు పెద్దలు కోరుచున్నారు. ఇంజను గట్టిదే, అందు మాకును సందేహము లేదు. దానిని పోషించుటయే కష్టము.

1945లో యుద్ధము ముగిసిన పిదప సైన్యము వదలిన ఇట్టి లారీలు చవుకగా దొరకినవి. కొన్నవారిలో పలువురు తరువాత పెట్రోలు ఇంజను ఊడదీసి డీజిలు ఇంజను బిగించుకొనిరి. బరువు బండికి అంత దూరమునకే డీజిలు తక్కువ పట్టును.

ఎర్రగడ్డ రైతుబజారున కూరలు దించి మన బండి అమీర్‌పేట, పంజాగుట్టల మీదుగా మరలును. ఏమాత్రము ఆలస్యమైనను మెట్రో వంతెన క్రింద వాహనముల వరుస కదలదు. బండి నిలిచినను పెట్రోలు మండుచునే యుండును. గాలి తగులక రేడియేటరు కాగును, గొట్టములోని పెట్రోలు ఆవిరియై కార్బురేటరునకు అందదు, ఇంజను ఆగును. అంతట పెట్రోలు పంపుపై తడిగుడ్డ వేసి, వెనుకవారి తిట్లు వినుచు కూర్చుండవలెను!

నేటి పెట్రోలులో నూటికి 20 పాళ్లవరకు ఇథనాలు కలియుచున్నది. అది తేమను పీల్చును, పాత రబ్బరు గొట్టములను చెరచును. తరచుగా తిరుగని బండికి మరింత చేటు.

ఈ వ్యయమంతయు సభ్యుల కూరల సొమ్ములోనిదే. కోతల దినములకు అద్దె లారీ చాలును. కావున అమ్మకమునకే మా సమ్మతి. అయితే కనీసపు ధర ముందుగా ప్రకటించి, సభ్యుల యెదుటనే వేలము వేయవలెను.